మెట్టకూ ఒక వయసుంది

మరాఠ్వాడా నుంచి తెలంగాణ దాకా పరుచుకున్న పీఠభూమి గురించి మాట్లాడేటప్పుడు అది మెట్ట ప్రాంతమని ఏ సందేహమూ లేకుండా అనేస్తాం. వాన తక్కువ, ఎండ ఎక్కువ. పండేది జొన్న, సజ్జ, కంది. అడవి అంటే చాలాచోట్ల తుమ్మ, మోదుగ, రేగు పొదలు. బడిలో పటం మీద పశ్చిమ కనుమలు చూపించి, వాటి వెనక ఉన్నది వానచాటు ప్రాంతమని చెప్పిన రోజు నుంచీ ఇది ఆ నేల స్వభావమని మనసులో స్థిరపడిపోయింది. కొండ ఎత్తులా, రాయి రంగులా, ఎప్పుడూ ఇంతే అన్నట్టు. నేను చెప్పదలచుకున్నది దీనికి ఎదురుమాట. ఈ మెట్టతనం స్వభావం కాదు, చరిత్ర. దానికి ఒక మొదలుంది, దశలున్నాయి, చివరి దశల్లో మనిషి చెయ్యి ఉంది. కనుమలు వానను అడ్డుకోవడం కోట్ల ఏళ్ళ నాటి సంగతే. కానీ కనుమలు దాటి వచ్చిన వానతో ఈ నేల ఏం పెంచగలిగింది అన్నది మాత్రం మారుతూ వచ్చింది. ఆ మార్పుకు గట్టి ఆధారం పీఠభూమి మీద కాదు, బంగాళాఖాతం అడుగున దొరికింది.

పీఠభూమి తన గతాన్ని తన దగ్గర ఉంచుకోలేదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడే వాన దాని పైమట్టిని కోసి వాగుల్లో వేస్తుంది. వాగులు మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరిలో వేస్తాయి. అన్నీ కలిసి గోదావరి అవుతాయి. అరేబియా సముద్రానికి 80 కిలోమీటర్ల దూరంలోనే, త్ర్యంబకేశ్వరం దగ్గర పుట్టిన ఈ నది, దగ్గరి సముద్రాన్ని వదిలి 1,465 కిలోమీటర్లు తూర్పుకు నడిచి, సుమారు 3,12,000 చదరపు కిలోమీటర్ల నేల మీది నీటిని, మట్టిని బంగాళాఖాతానికి చేరుస్తుంది. రాజమండ్రి దగ్గర వరద రోజుల్లో కనిపించే ఎర్రనీరు అంటే కరిగిన పీఠభూమే. అందులో బరువైన ఇసుక మొగ దగ్గరే దిగిపోయి లంకలవుతుంది. సన్నటి ఒండ్రు ఇంకా ముందుకు తేలిపోయి, అలల తాకిడి లేని లోతుల్లో నెమ్మదిగా పడుతుంది. కింద పాతది, పైన కొత్తది. ఇంత శ్రద్ధగా వరసపెట్టి దాచిన దస్తావేజు పీఠభూమి మీద దొరకడం చాలా అరుదు. లోనార్ సరస్సు లాంటివి ఒకటీ అరా మినహాయింపు.

2006లో భారత జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కోసం జాయిడిస్ రిజల్యూషన్ అనే తవ్వకం ఓడ కృష్ణా-గోదావరి బేసిన్‌లో సముద్రగర్భాన్ని తొలిచింది. వెతికింది మంచులో బందీ అయిన మీథేన్ కోసం, అంటే రేపటి ఇంధనం కోసం. గోదావరి మొగకు ఎదురుగా, కిలోమీటరుకు పైగా లోతున్న చోట పైకి తీసిన ఒక మట్టికడ్డీలో పైనున్న సుమారు 8.5 మీటర్లు గత 11,000 ఏళ్ళ ఒండ్రు అని తేలింది. సగటున ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా లేదన్నమాట. కామిలో పాంటన్, లివియు గియోసాన్, వారి సహచరులు ఈ కడ్డీని ముక్కముక్కగా పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. ఆ తర్వాత ఇంకా కొందరు అదే మట్టిలో పుప్పొడిని, ఖనిజపు రేణువుల మూలాన్ని వెతికారు. తెలుగు నేల గతం గురించి ఇంత దగ్గరగా మాట్లాడే ఆధారం తెలుగు పాఠకుల మధ్య ఇంత తక్కువగా చర్చకు రావడం నాకు బాధగా ఉంటుంది.

మట్టిలో చదివింది అక్షరాలు కావు గనక, చదివిన తీరు చెప్పకుండా ఫలితం ఒక్కటే చెబితే నమ్మమని అడిగినట్టవుతుంది. ప్రతి ఆకు మీదా సన్నటి మైనం పూత ఉంటుంది. అరిటాకు మీద నీటిబొట్టు జారిపోయేది దానివల్లే. ఆకు కుళ్ళి మట్టిలో కలిసినా ఆ మైనపు అణువులు తొందరగా చెడవు. వేల ఏళ్ళు నిలుస్తాయి. వాటిలోని కార్బన్ ఆ మొక్క ఎలా బతికిందో చెబుతుంది. చెట్లు, పొదలు, వరి, కంది, ఉలవ ఒక పద్ధతిలో గాలిలోని కార్బన్‌ను పట్టుకుంటాయి. శాస్త్రజ్ఞులు దాన్ని సి-3 అంటారు. గరిక, రెల్లు, జొన్న, సజ్జ, రాగి, కొర్ర, చెరకు ఇంకో పద్ధతి నేర్చుకున్నాయి. అది సి-4. వేడి, ఎండుదనం ఉన్నచోట ఆకు రంధ్రాలను ఎక్కువసేపు తెరిచి నీటిని పోగొట్టుకోకుండానే కడుపు నింపుకునే పద్ధతి అది. సి-3 మొక్కలు బరువైన కార్బన్-13ను బాగా వదిలేస్తాయి. సి-4 మొక్కలు అంతగా వదలవు. ప్రామాణిక నమూనాతో పోలిస్తే సి-3 మొక్కలో కార్బన్-13 వెయ్యికి సుమారు 27 పాళ్ళు తక్కువైతే, సి-4 మొక్కలో తక్కువయ్యేది సుమారు 13 పాళ్ళే. ఈ తేడా అణువులో ఉండిపోతుంది. కాబట్టి సముద్రపు అడుగున ఒక పొరలోని ఆకు మైనాన్ని వేరుచేసి కొలిస్తే, ఆ కాలంలో గోదావరి నేల మీద చెట్టు ఎంత, గడ్డి ఎంత అన్న లెక్క ఉజ్జాయింపుగా తెలుస్తుంది. రెండో ఆధారం సముద్రానిదే. పైనీటిలో తేలుతూ బతికే గ్లోబిజెరినోయిడిస్ రూబర్ అనే ఏకకణ జీవి సున్నపు గుల్ల కట్టుకుంటుంది, చచ్చాక ఆ గుల్ల అడుగుకు చేరుతుంది. వాననీరు, నదినీరు ఎక్కువగా కలిసిన సముద్రంలో తేలిక ఆక్సిజన్ పాలు ఎక్కువ. నీరు ఆవిరై ఉప్పదనం పెరిగినప్పుడు ఆక్సిజన్-18 పాలు పెరుగుతుంది. గుల్లలో ఆ జాడ దొరుకుతుంది. ఆ గుల్లల్లోనే రేడియోకార్బన్ కొలిచి పొర వయసూ కడతారు.

ఇక ఫలితం. హోలోసీన్ తొలి భాగంలో, అంటే 11,000 ఏళ్ళ కిందటి నుంచి కొన్ని వేల ఏళ్ళపాటు, మైనంలో చెట్ల పాలు ఎక్కువ. సుమారు 4,000 ఏళ్ళ కిందట మొగ్గు మారడం మొదలై, మెల్లమెల్లగా గడ్డి వైపు, ఎండ తట్టుకునే మొక్కల వైపు జరిగి, సుమారు 1,700 ఏళ్ళ కిందటికి ఒక కొత్త స్థితికి చేరింది. ఆ తర్వాత వెనక్కి రాలేదు. గుల్లలు చెప్పిన మాట కొంచెం వేరు. వాటిలో నింపాదిగా జరిగిన మార్పు కన్నా, గత 3,000 ఏళ్ళలో, అందులోనూ చివరి 1,700 ఏళ్ళలో, అంతకుముందు ఎరగనంత ఉప్పదనం వచ్చిన సందర్భాలు కనిపించాయి. పుప్పొడి చూసినవారికి సుమారు 4,200 ఏళ్ళ కిందటి దాకా తేమకాలం, ఆపైన ఎండుకాలం కనిపించాయి. మూడు ఆధారాలూ ఒకే దిక్కు చూస్తున్నాయి. దీనికి ఖగోళ కారణమూ ఉంది. ఇప్పుడు భూమి సూర్యుడికి అతి దగ్గరగా వెళ్ళేది జనవరి మొదట్లో. 11,000 ఏళ్ళ కిందట అది ఉత్తరార్ధగోళపు వేసవిలో జరిగేది. అప్పటి వేసవి మన ఖండాన్ని ఎక్కువగా వేడెక్కించింది, ఆ వేడి రుతుపవనాలను మరింత బలంగా లాగింది. భూమి అక్షం దిశ నెమ్మదిగా తిరిగేకొద్దీ ఆ లాగుడు సడలింది. సహారా ఒకప్పుడు పచ్చిక బయలుగా ఉండి, దాదాపు 5,000 ఏళ్ళ కిందట ఎడారి కావడమూ ఇదే కథలో ఆఫ్రికా అధ్యాయం. దానికీ సాక్ష్యం అట్లాంటిక్ అడుగున పేరుకున్న దుమ్మే.

ఇక్కడ మొదటి అభ్యంతరం న్యాయమైనది. మైనం చెప్పింది మొక్కల గురించి కదా, వాన గురించి చెప్పినట్టు ఎందుకు మాట్లాడాలి? నిజమే, మైనం వానకొలత కాదు. దాన్ని మిల్లీమీటర్లలోకి మార్చే సూత్రమేదీ నమ్మదగ్గది కాదని నేనూ అంటాను. పైగా తుమ్మ, రేగు లాంటి ముళ్ళచెట్లూ సి-3 జాతివే. దట్టమైన అడవి పలచబడి ముళ్ళపొదగా మారితే కార్బన్ లెక్కలో ఆ మార్పు సగమే కనిపిస్తుంది. కానీ ఈ లోపాన్నే నేను దాని విలువగా చూస్తున్నాను. నేల మీద బతికేవాడికి కావలసింది ఆకాశం నుంచి ఎంత పడిందన్న అంకె ఒక్కటే కాదు. పడినది నిలిచిందా, రెండు వానల మధ్య ఎడం ఎంత, వేసవి ఎంత పొడుగు అన్నవి అంతకన్నా ముఖ్యం. ఏడాదికి 900 మిల్లీమీటర్లు పదిహేను రోజుల్లో కుమ్మరించి పోతే అది చెట్టుకు పనికిరాదు, గడ్డికి పనికొస్తుంది. ఆ హెచ్చుతగ్గులన్నిటినీ మొక్క తన బతుకుతో కూడి తీసేసి, మిగిలిన మొత్తాన్ని ఆకు మీద రాస్తుంది. వాన తగ్గిందా అన్న ప్రశ్నకు మైనం తిన్నగా జవాబివ్వదు. నేలకు నీరు అందడం తగ్గిందా అన్నదానికి అంతకన్నా నిజాయితీ ఉన్న జవాబు దొరకదు. గుల్లల మాటా జాగ్రత్తగా వినాలి. బంగాళాఖాతంలో కలిసే మంచినీటిలో గోదావరి వాటా చిన్నది. గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి దాన్ని మించినవి. గుల్ల చెప్పేది సముద్రమంతటి సంగతి, మైనం చెప్పేది ఒక్క నది సంగతి. వేర్వేరు తప్పులకు లోనయ్యే ఆధారాలు ఒకే మాట చెబుతున్నాయి గనకే నాకు దాని మీద నమ్మకం.

రెండో అభ్యంతరం ఇంతకన్నా లోతైనది, దీనికి నేను కొంత తలవంచాలి. మైనం మారిందంటే మొక్కలు మారాయనే కానక్కరలేదు, మట్టి వచ్చిన చోటు మారి ఉండవచ్చు. గోదావరి పరీవాహకం ఒకే తీరున లేదు. పై భాగం నల్లరేగడి నేల, సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందటి లావా రాయి మీద ఏర్పడ్డది, వాన తక్కువ. కింది భాగం, ఇంద్రావతి, శబరి వైపు, అంతకన్నా ఎన్నో రెట్లు పాత రాళ్ళ మీద, తూర్పు కనుమల తేమ అడవి. ఒక కాలంలో అడవి వైపు నుంచి, మరో కాలంలో రేగడి వైపు నుంచి మట్టి ఎక్కువగా వస్తే, రెండుచోట్లా ఒక్క చెట్టు మారకపోయినా సముద్రంలో గడ్డి పెరిగినట్టే కనిపిస్తుంది. రాళ్ళ వయసులో ఇంత తేడా ఉండడం వల్ల వాటి నుంచి వచ్చిన మట్టిలో నియోడిమియం అనే మూలకపు ఐసోటోపుల పాళ్ళు కూడా వేరుగా ఉంటాయి. గియోసాన్ బృందం 2017లో ప్రచురించిన పని దీన్నే పరీక్షించింది. చివరి కొన్ని వేల ఏళ్ళలో రేగడి నేల వాటా నిజంగానే పెరిగింది. అంటే మైనంలో కనిపించిన మార్పులో కొంత భాగం చోటు మారడం వల్ల వచ్చినదే. దీన్ని దాచి వాదించడం తప్పు. అయితే రేగడి వైపు నుంచి మట్టి ఎందుకు ఎక్కువగా కొట్టుకొచ్చిందని అడిగితే అభ్యంతరం మన వైపుకే తిరుగుతుంది. అదే కాలంలో మొగ ఎదుట ఒండ్రు పేరుకునే వేగం కూడా కొన్ని రెట్లు పెరిగింది. వాన బలహీనపడ్డ కాలంలో, నీరు తగ్గిన నది, ముందుకన్నా ఎక్కువ మట్టి మోసిందంటే దానికి ఒకటే దారి. మట్టిని పట్టి ఉంచే వేళ్ళు, కప్పి ఉంచే ఆకు పోయి ఉండాలి. ఆకు కప్పు పోయిందన్నదే మైనం కూడా చెప్పిన మాట.

కాలం గురించి కూడా ఒక సందేహం ఉంది. ఆకు రాలిన ఏడాదే మైనం సముద్రం చేరదు. మట్టిలో, పొలం గట్టున, వాగు ఒడ్డున ఆగి ఆగి వస్తుంది. గంగా-బ్రహ్మపుత్రల ఒండ్రులో ఈ ఆలస్యం వెయ్యేళ్ళ దాకా ఉంటుందని లెక్కలున్నాయి. కాబట్టి 4,000, 1,700 అన్న అంకెలను రాజుల పట్టాభిషేకాల తేదీల్లా పట్టుకోకూడదు. 1,700 ఏళ్ళ కిందట అంటే శాతవాహనులు అంతరించిన శతాబ్దానికి కొంచెం ఇవతల. ఆ రెంటినీ ముడిపెట్టి, కరువే ఒక సామ్రాజ్యాన్ని కూల్చిందని రాయాలన్న ఉబలాటం ఎవరికైనా కలుగుతుంది. ఈ ఆధారం ఆ మాట మోయలేదు. వందల ఏళ్ళ అటూ ఇటూ ఉన్న సాక్ష్యంతో కొద్దికాలంలో జరిగిన రాజకీయ పతనాన్ని వివరించకూడదు.

అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగవలసింది మనిషి దగ్గర. మొగ్గు మారడం మొదలైన 4,000 ఏళ్ళ కిందటికే దక్కనులో పశువుల కాపరులు, రైతులు ఉన్నారు. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో 1957లో పురావస్తు శాస్త్రజ్ఞుడు ఆల్చిన్ తవ్విన బూడిద దిబ్బ, పేడను ఏళ్ళ తరబడి కుప్పవేసి కాల్చినవాళ్ళది. అది కృష్ణ వైపు నేల. గోదావరి వైపు ఉపనది ప్రవర ఒడ్డున దైమాబాద్, జోర్వే లాంటి ఊళ్ళు వెలిశాయి. దక్షిణాది నవశిలాయుగపు రైతులు పండించిన తొలి ధాన్యాల్లో అండుకొర్ర ఒకటి, పక్కన పెసర, ఉలవ. ఇక్కడొక చిక్కుముడి ఉంది. అండుకొర్ర సి-4. తర్వాత ఆఫ్రికా నుంచి వచ్చిన జొన్న, సజ్జ, రాగి కూడా సి-4లే. చెట్టు కొట్టి, కాల్చి, కొర్ర చల్లిన చేను సముద్రపు అడుగున చూస్తే కరువుకు పెరిగిన గడ్డిలాగే కనిపిస్తుంది. మంద మేసి, మొక్క ఎదగనివ్వని బీడూ అంతే. మరి ఇదంతా వాన కథ కాదు, గొడ్డలి కథ అని ఎందుకు అనకూడదు? ఇదే తగువు ఆఫ్రికాలోనూ నడిచింది. కాంగో నది ఎదుటి ఒండ్రులో సుమారు 3,000 ఏళ్ళ కిందటి మార్పును బంటూ రైతులు అడవి నరకడానికి ముడిపెడుతూ 2012లో ఒక పరిశోధన వెలువడితే, కాదు, అది వాతావరణమేనని మరికొందరు గట్టిగా ఎదురు వాదించారు. మన విషయంలో తగువును కొంతైనా తీర్చే సాక్షి లోనార్. ఉల్క పడి ఏర్పడిన ఆ సరస్సుకు నది లేదు, చుట్టూ ఉన్న గిన్నె అంచే దాని పరీవాహకం. దాని అడుగు మట్టిలో 4,600 నుంచి 3,900 ఏళ్ళ కిందటి మధ్య ఒక సుదీర్ఘ కరువు, మళ్ళీ 2,000 నుంచి 600 ఏళ్ళ మధ్య ఇంకొకటి కనిపించాయి. నేల ఎండడం నిజంగా జరిగింది. గొడ్డలి ఒక్కటే కారణం కాదు.

అందుకని నా నిర్ణయం ఇది. మొదటి అడుగు ఆకాశానిది, తర్వాతి అడుగులు ఇద్దరివీ. వాన సడలినప్పుడు అడవి పలచబడింది. పలచబడిన అడవిలో మందలు తిరగడం, నిప్పు పెట్టడం, చేను చేయడం తేలికైంది. చేను అయిన నేల మట్టిని నిలుపుకోలేదు. మట్టి పోయిన నేల వాన ఉన్నా నీటిని పట్టుకోలేదు. ఈ మెలికలో ఏది ఎంత అని శాతాలుగా విడదీయడం సముద్రపు మట్టికి చేతకాదు. చేతకాదన్నది ఓటమి కాదు, జరిగిన తీరే అలాంటిది. ఇదంతా రైతు మీద నేరం మోపడం కూడా కాదు. ఎండుతున్న నేలలో కొర్రను, ఉలవను ఎంచుకున్నవాళ్ళు మనకు తిండి మిగిల్చారు. పన్నెండు, పదమూడు శతాబ్దాల్లో రామప్ప, లక్నవరం లాంటి చెరువులు కట్టినవాళ్ళు, అడవి నిలపడం మానేసిన నీటిని కట్టతో నిలిపారు. చెరువును మనం దక్కను సంస్కృతిగా కీర్తిస్తాం. అది మారిన నేలకు మనుషులు చెప్పిన జవాబు కూడా. ఈ నేల ఎప్పుడూ మెట్టే అనుకుంటే చెరువు ఒక సౌకర్యంగా కనిపిస్తుంది. దీనికి ఒక వయసుందని తెలిస్తే, పోయిన దాని స్థానంలో పెట్టినదిగా కనిపిస్తుంది. అప్పుడు గట్టు మీద చెట్టుకు, ఎగువన పచ్చికకు, వాగు ఒడ్డున పొదకు కూడా చెరువుతో సమానమైన విలువ కట్టవలసి వస్తుంది.

సముద్రపు సాక్ష్యానికి ఉన్న రెండు పెద్ద లోపాలు, మట్టి ఎక్కడి నుంచి వచ్చిందో పూర్తిగా తేల్చలేకపోవడం, ఎంతకాలం ఆగి వచ్చిందో చెప్పలేకపోవడం. ఈ రెంటికీ మందు మన ఊళ్ళలోనే ఉంది. చెరువు పరీవాహకం చిన్నది. దాని అడుగున పడ్డ పూడిక చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళ నేలదే, దూరం నుంచి వచ్చినది కాదు. విజయనగర ప్రాంతపు పాత జలాశయాల పూడికలో పుప్పొడిని, బొగ్గు రేణువులను వెతికి కాథ్లీన్ మోరిసన్ అక్కడి సాగు చరిత్ర రాశారు. అంటే ఇది అయ్యే పనే. పాత రోజుల్లోనూ పూడిక తీసేవారు గనక పొరలన్నీ చెక్కుచెదరకుండా ఉండవు, నిజమే. కానీ తూము దగ్గర, ఎవరూ దిగని లోతు మడుగుల్లో మిగిలినవి ఉంటాయి. 2015 నుంచి తెలంగాణలో మిషన్ కాకతీయ కింద వేల చెరువుల పూడిక తీసి పొలాలకు తోలారు. పొలానికి అది మంచి ఎరువు. ఇకముందు ఏ చెరువులోనైనా ప్రొక్లెయిన్ దిగేముందు, నీటిపారుదల ఇంజనీర్లు దగ్గరి విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర విభాగానికి ఒక కబురు పంపాలి. రెండు మీటర్ల గొట్టం ఒకటి నిలువుగా దింపి, మట్టికడ్డీని పొరలు చెదరకుండా పైకి తీసి, చెరువు పేరు, తేదీ రాసి భద్రపరచడానికి ఒక పూట చాలు.